రెండు గుమ్మాల గుడ్డ ఇల్లు

ఏమండోయ్, కాస్త ఇలా గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద పాలేమీ లేవు కదా? అయితే ఓ ముచ్చట చెప్పాలి. ఇద్దరు పడుకునే టెంటు. పోల్స్, మేకులు, సంచీతో సహా కిలోన్నర తూగదు!

నమ్మరా? ఆ గుడ్డ ముట్టుకుంటే మీరే నమ్ముతారు. నైలాన్. కొన్నిట్లో 15 డెనియర్ దారం. అంటే ఏమిటనుకున్నారు? తొమ్మిది కిలోమీటర్ల పొడవు దారం తూస్తే 15 గ్రాములు! అంత సన్నమైతే చిరిగిపోదూ అంటారు. మధ్యమధ్య లావు దారంతో గళ్లు నేస్తారు, చిరుగు మొదలైనా ఆ గడి దగ్గర ఆగిపోతుంది. ఎవరికి తట్టిందో గానీ చేతులెత్తి మొక్కాలి.

ఇంత తేలిక దేనికంటారా? హిమాచల్‌లో హంప్టా పాస్ 4,200 మీటర్ల పైమాటే. అక్కడ వీపు మీది ప్రతి గ్రాముకీ మోకాళ్లు లెక్క చెబుతాయి.

అల్యూమినియం పోల్స్ సంగతి చెప్పనే లేదు! ముక్కలన్నిటి లోపలా సాగే తాడు. ఒకటి పట్టుకుంటే మిగతావి టకటకా వచ్చి అతుక్కుంటాయి. చూడ్డానికి ఎంత బావుంటుందో! అలాగని గాల్లో విదిలించకండి, అంచులు పాడవుతాయి. పోల్స్ విల్లులా వంచి ఒకదాని మీద ఒకటి దాటిస్తే గాలికి నిలబడే గుమ్మటం. వాస్తుశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గుమ్మటాల ఆలోచనతో నార్త్ ఫేస్ కంపెనీ వాళ్లు 1975లో ఓవల్ ఇంటెన్షన్ అనే టెంటు తెచ్చారు. ఇప్పటి టెంట్లలో దాని పోలికలు బోలెడు.

అన్నిటికన్నా నాకు ముద్దొచ్చేది మాత్రం రెండు గుమ్మాలు. అర్ధరాత్రి బయటికెళ్లాలంటే పక్కవాళ్ల పొట్ట మీంచి పాకక్కర్లేదు. ఎవరి జిప్పు వారిది, ఎవరి వసారా వారిది, బురద బూట్లూ అక్కడే. ఒకే గుమ్మం టెంటు ఇంకాస్త తేలిక, నిజమే. అయినా నా ఓటు రెండు గుమ్మాలకే. స్నేహం నిలవాలా వద్దా?

వెడల్పు మాత్రం ముందే కొలుచుకోండి. కొన్ని టెంట్లు తలవైపు 130 సెంటీమీటర్లున్నా కాళ్లవైపు 107కి సన్నబడతాయి. 51 సెంటీమీటర్ల పరుపులు రెండు పక్కపక్కన హాయిగా పడతాయి. వెడల్పు పరుపులే కావాలని పట్టుబడితే కాళ్ల దగ్గర జగడమే.

పొద్దున్నే పైగుడ్డ లోపల నీటిబొట్లు కనిపిస్తే కొట్టువాణ్ని తిట్టకండి. అది వాన కాదు, చాలావరకు రాత్రంతా మీరిద్దరూ వదిలిన ఊపిరే. వానలోనైనా పైన గాలిరంధ్రాలు తెరిచే ఉంచండి. లోపలి జాలీ చాలా బొట్లు మీ దుప్పటి మీద పడకుండా ఆపుతుంది. అన్నట్టు, నైలాన్ తడిస్తే సాగుతుంది. పడుకునే ముందు తాళ్లు మళ్లీ ఓసారి బిగించండి. ఇంటికొచ్చాక నీడన ఆరబెట్టాకే మడత పెట్టాలి సుమా!

మోత కూడా పంచుకోవచ్చు. గుడ్డలు ఒకరికి, పోల్స్, మేకులు ఇంకొకరికి. సగటున తలా ఏడువందల గ్రాములు. దానికీ బరువని వంక పెట్టారో, వంటగిన్నెలూ మీకే!