రాజమలపై నీలకురింజి

మా కృష్ణానదికి పుష్కరములు 2016లో వచ్చినవి. మరల 2028లో గాని రావు. అట్లే పండ్రెండేండ్ల లెక్క తప్పని పూవొకటి కేరళదేశపు మున్నారు కొండలపై కలదు. అదియే నీలకురింజి. 2006లో పూచి, తిరిగి 2018లో పూచినది. ఆ యేటి దసరా సెలవులలో మావారితోను పిల్లలతోను గుంటూరున శబరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, ఎర్నాకుళమున దిగి, బస్సులో కొండదారి పట్టితిమి. ఆగస్టునెల వరదలకు విరిగిపడిన చరియలు త్రోవపొడవునను కనబడుచుండెను.

ఎరవికుళము జాతీయవనమున అటవీశాఖవారి బస్సు మమ్ము రాజమలపై దింపినది. మొక్క సాధారణముగ నడుమెత్తును మించదు. పూవు చిన్న గంటవలె నుండును. నీలమున కొంచెము ఊదా కలసిన రంగు. విడిగా చూచిన మన పెరటి డిసెంబరుపూవుకన్న గొప్పది కాదు. కాని కొండవాలు కొండవాలంతయు ఒక్కమారే పూచియుండగా, పిల్లలు సైతము మాటలు మరచి నిలుచుండిరి.

పూవు కంటబడిన ఆడువారి చేయి ఊరకుండునా? దేవుని పటమునకు ఒక రెమ్మ చాలునని చేయి చాచితిమి. కావలివాడు "వద్దమ్మా!" అని వారించి, వచ్చీరాని తెలుగున కారణము చెప్పెను. ఈ మొక్క జన్మకొక్కమారే పూచునట. పూచి, గింజ రాల్చి, ఎండి చచ్చును. ఆ గింజలు మొలచి పండ్రెండేండ్లు పెరిగిననే మరల పూవు. అనగా మేము త్రుంపబోయినది విత్తనపు ధాన్యమన్నమాట! సిగ్గుతో చేయి వెనుకకు తీసికొంటిమి.

దిగివచ్చునప్పుడు ఒక కారు ముందు ఆ కొమ్మలనే తోరణముగ కట్టియుండుట చూచితిమి. అయినను చూడవచ్చినవారే దీనికి శత్రువులని చెప్పరాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఈ కొండలపై తేయాకు నాటిరి. పిమ్మట నీలగిరిచెట్లును తుమ్మజాతి చెట్లును గడ్డిమైదానముల నాక్రమించినవి. వేసవి కార్చిచ్చు సరేసరి. వట్టవడ ప్రాంతమున 2006లో సుమారు 32 చదరపు కిలోమీటర్ల నేలను కురింజిమల అభయారణ్యముగ ప్రకటించిరి గాని, లోపలి భూముల హక్కుల తగవు ఏండ్లతరబడి సాగినది. కూరలును వెల్లుల్లియు పండించుకొని బ్రతుకు రైతులను నిందించుటకు మాకు నోరాడదు. పట్నమున కూర్చుండి పట్టాలు సంపాదించినవారి మాట వేరు.

2023లో కేంద్రప్రభుత్వము దీనిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలోనికి తెచ్చినది. ఇపుడు కోసినచో శిక్ష. 2024లో అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణ సంఘమువారు నశించు ప్రమాదమున్న మొక్కలలో దీనిని చేర్చిరి.

ఆనాడు దేవునికి మున్నారు బజారులో చామంతులు కొంటిమి. మా పెద్దపిల్లకు అప్పుడు పదియేండ్లు. 2030లో తన్ను మరల తీసికొనిపొమ్మని మావారిని ఇప్పటినుండియే వేధించుచున్నది.