మొండికేసిన బోల్టు



మా సంఘానికి ఒక పాత మారుతి ఓమ్ని వ్యాను ఉంది. ఈ బండ్ల తయారీ 2019లోనే ఆగిపోయినా మా పల్లె దారుల్లో ఇవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నడవలేని వృద్ధులను ఆదివారం మందిరానికి తేవాలన్నా, అర్ధరాత్రి నొప్పులు మొదలైన తల్లిని ఆసుపత్రికి చేర్చాలన్నా, పెళ్ళివారి వంటపాత్రలు మోయాలన్నా మాకు అదే దిక్కు. నడిపేది నేనే. చిన్నా చితకా మరమ్మతులు చేసేదీ నేనే. కూలి డబ్బులు మిగులుతున్నాయి కదా అని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది. గత వేసవిలో ఆ గర్వం కాస్తా అణగిపోయింది.

ఆ రోజుల్లో ఇంజను ఊరికే వేడెక్కుతోంది. రేడియేటరు నిండా నీళ్ళున్నాయి, ఫ్యాను తిరుగుతోంది. ఇక లోపం థర్మోస్టాట్‌లోనే అనుకున్నాను. థర్మోస్టాట్ అంటే నీటి దారికి అడ్డంగా ఉండే చిన్న తలుపు లాంటిది. నీరు సుమారు 80 డిగ్రీలు దాటితే దానిలోని మైనం కరిగి, ఉబ్బి, తలుపును తెరుస్తుంది. అప్పుడు వేడినీరు రేడియేటరుకు పోయి చల్లబడుతుంది. ఆ తలుపు తెరుచుకోకపోతే రేడియేటరు ఉన్నా లేనట్టే.

దాని మూతకు రెండే బోల్టులు. ఇదెంత పని అనుకుని ఒక గురువారం సాయంత్రం ముందు సీటు ఎత్తి కూర్చున్నాను. ఈ బండికి ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న మా అబ్బాయి టార్చిలైటు పట్టుకున్నాడు. మర్నాడు ఉదయం ఏడు గంటలకల్లా మా సంఘంలోని ఒక ముసలితల్లిని 40 కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రిలో దించాలి. కంటి శుక్లాల ఆపరేషను. ఎన్నో వారాలు ఎదురుచూస్తే దొరికిన తేదీ అది. నా తొందరకు అదొక కారణం.

మొదటి బోల్టు కిర్రుమంటూ వచ్చేసింది. రెండోది కదలలేదు. సుత్తితో రెండు దెబ్బలు వేశాను, కదలలేదు. పానాకు ఒక ఇనుప గొట్టం తొడిగి లాగాను. పిడి పొడవు రెండింతలైతే బోల్టు మీద పడే తిప్పుడు బలమూ రెండింతలవుతుంది. ఈసారి పానా కాస్త తిరిగింది.

"డాడీ, తిరుగుతోంది కానీ మెత్తగా ఉన్నట్టుంది. మొదటిది అలా రాలేదు. ఆపేసి మేస్త్రిని పిలుద్దామా?" అన్నాడు మావాడు.

"నీకేం తెలుసురా? లైటు తిన్నగా పట్టుకో" అని కసిరాను.

ఇంకొక్క లాగు లాగాను. టక్కుమంది. బోల్టు తల నా చేతి పానాలోనే ఉండిపోయింది. మిగతా ముక్క లోపలే ఉంది. మావాడు ఒక్క మాట కూడా అనలేదు. వాడు ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఊళ్ళో ఉన్న ఒక్క ఆటో పెళ్ళికి పోయింది. మొదటి బస్సు తొమ్మిది గంటలకు గాని రాదు. రాత్రి ఆ తల్లి ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాను. "పోనీలెండి అయ్యగారూ, ఇన్నాళ్ళు మసకలోనే తిరిగాను కదా" అందావిడ. ఆసుపత్రివారు 12 రోజుల తర్వాత మరో తేదీ ఇచ్చారు. ఆవిడ కోప్పడి ఉంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టి ఉండేదేమో.

మర్నాడు వ్యానుకు తాడు కట్టి ట్రాక్టరుతో మండల కేంద్రంలోని మేస్త్రి షెడ్డుకు చేర్చాం. ఆయన అరవై దాటిన మనిషి. నన్ను ఏమీ అడగకుండా మొదట బ్యాటరీ వైరు విప్పాడు. పెట్రోలు గొట్టం తీసి మూతి కట్టేశాడు. ఆ థర్మోస్టాట్ ఉన్న భాగాన్ని కార్బురేటరుతో సహా ఇంజను నుంచి విప్పి, కార్బురేటరును వేరుచేసి దూరంగా పెట్టాడు. నిప్పుతో పని ఉన్నచోట పెట్రోలు ఉండకూడదన్నాడు. తర్వాత మూతను మెల్లగా కొడుతూ ఊడదీశాడు. విరిగిన బోల్టు ముక్క ఒక వేలి కణుపంత పైకి నిలిచి ఉంది. దాని మొదట్లో తెల్లగా సున్నం లాంటి పొడి.

"చూశారా అయ్యగారూ, ఇదంతా మీ బోరు నీళ్ళ పుణ్యం" అన్నాడు.

నిజమే. కూలెంటుకు డబ్బు దండగ అని ఏళ్ళ తరబడి బోరునీళ్ళే పోశాను. బోల్టు ఉక్కు, అది దిగిన భాగం అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాలు కలిసినచోట ఉప్పునీరు చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో అల్యూమినియం తినుకుపోయి తెల్లపొడి అవుతుంది. ఉక్కుకు తుప్పు పడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో అంత చోటేదీ? అందుకే బోల్టు బిగుసుకుపోతుంది. కూలెంటులో కలిపే మందులు ఈ తినుకుపోవడాన్ని చాలావరకు ఆపుతాయి.

మేస్త్రి తీగల బ్రష్షుతో పొడి రాల్చి, డబ్ల్యూడీ-40 కొట్టాడు. చిన్న సుత్తితో బోల్టు కొసమీద టకటకమని తేలికపాటి దెబ్బలు వేశాడు. ఆ అదురుకు తుప్పు బీటలు వారి నూనె లోపలికి దిగుతుందట. తర్వాత టీ తాగుదాం రమ్మన్నాడు. గంటసేపు దాని జోలికే పోలేదు. మావాడు ఆ డబ్బాను తిప్పి చూస్తుంటే నాకు ఎక్కడో చదివిన సంగతి గుర్తొచ్చి చెప్పాను. 1953లో అమెరికాలోని శాన్‌డియేగోలో ఒక చిన్న కంపెనీవారు తుప్పును ఆపే ద్రవం కోసం ప్రయత్నించగా నలభైయ్యోసారికి కుదిరింది. పేరులోని 40 అదే. నేనైతే మూడో లాగుకే బోల్టు విరిచాను.

తిరిగి వచ్చాక మేస్త్రి నూనెనంతా తుడిచేసి, బ్లోల్యాంపుతో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడిచేశాడు. ఒక్కచోట నిలపకుండా మంటను తిప్పుతూనే ఉన్నాడు. మీటరు పొడవు ఉక్కు 100 డిగ్రీల వేడికి సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగితే, అంతే అల్యూమినియం 2.3 మిల్లీమీటర్లు సాగుతుంది. కాబట్టి రెండూ వేడెక్కినా రంధ్రమే ఎక్కువ పెరిగి పట్టు వదులుతుంది. అయితే అల్యూమినియం ఇనుములా ఎర్రబడి మనల్ని హెచ్చరించదు. 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగిపోతుంది. అందుకే ఆయన మధ్యమధ్య నీటిచుక్క చిలకరించి చూశాడు. అది చిటపటలాడి ఎగరగానే మంట తీసేశాడు.

ఆ పైన బోల్టు ముక్కకు ఒక నట్టు తొడిగి, దాని నడుమ వెల్డింగు పెట్టాడు. ఉక్కు వెల్డింగు అల్యూమినియానికి అంటుకోదు. నట్టూ ముక్కా మాత్రం ఒకటైపోయాయి. ముక్క పైకి లేకపోతే సరిగ్గా నడుమ రంధ్రం చేసి ఎదురుమరల పనిముట్టుతో తీయాలట. ఆ పనిముట్టు గనక లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కొరకదు.

పానా వేసి ఆయన ముందు విప్పలేదు, బిగించాడు. వెంట్రుకవాసి. తర్వాత అంతే విప్పాడు. మళ్ళీ బిగించాడు, నూనె వేశాడు, మళ్ళీ విప్పాడు.

"బిగించడం దేనికి మేస్త్రీ?" అన్నాను.

"పట్టు వదలాలి కదండీ. ఒకే వైపు లాగితే పొడంతా ముందుకు కూరుకుపోయి ఇంకా బిగుస్తుంది. అటూ ఇటూ కదిపితే దారి ఇస్తుంది."

ఆ చిన్న ముక్క బయటికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దాన్ని నా చేతిలో పెడుతూ, "విరిగే ముందు మెత్తగా అనిపించలేదా? అది బోల్టు తిరగడం కాదు, మెలిపడడం. అప్పుడు ఆపితే చాలావరకు దక్కుతుంది" అన్నాడు.

మావాడు నేల చూపులు చూస్తున్నాడు. షెడ్డులో ఇంకో నలుగురున్నారు. నాకు గొంతు పెగలలేదు. చివరికి, "మావాడికి అనిపించింది మేస్త్రీ. ఆపమని కూడా చెప్పాడు. నేనే వినలేదు, పైగా కసిరాను" అన్నాను. వాడు తలెత్తి నా వైపు చూశాడు. మేస్త్రి ఇంకేమీ అనకుండా వాడికి ట్యాపు ఇచ్చి, రంధ్రంలోని మరలు ఎలా శుభ్రం చేయాలో చూపించాడు. ఆ పని వాడి చేతే చేయించాడు.

కొత్త థర్మోస్టాట్ వేసి, కొత్త బోల్టులకు కాస్త గ్రీజు రాసి, నీటి దారంతా కడిగి కూలెంటు పోశాం. అన్నేళ్ళు మిగిల్చానన్న డబ్బు కన్నా ఆ ఒక్క రోజు ఖర్చే ఎక్కువైంది. ఇంటికి వచ్చే దారిలో, "నిన్న నీ మాట వినాల్సింది నాన్నా" అన్నాను. "పోనీ డాడీ" అని కిటికీ వైపు తిరిగాడు. కొంతసేపటికి, ఇకమీదట కూలెంటు ఎప్పుడెప్పుడు మార్చాలో తానే పుస్తకంలో రాస్తానన్నాడు.

పన్నెండు రోజుల తర్వాత ఆ తల్లిని తీసుకువెళ్ళాం. ఇప్పుడు ఆవిడ మందిరం గుమ్మం దగ్గరే మనిషిని గుర్తుపట్టి పలకరిస్తోంది.

ఇళ్ళల్లో ట్రాక్టరో, పంపుసెట్టో, పాత బండో ఉన్నవారికి ఒక మాట. ఎన్నడూ విప్పని బోల్టు జోలికి సాయంత్రం పూట, తొందర పనికి ముందురోజు వెళ్ళకండి. రాత్రే నూనె వేసి వదిలేయండి. పానాకు గొట్టం తొడగకండి. పక్కన లైటు పట్టుకున్న పిల్లవాడు ఆపమంటే, చేతిలోని పానా కిందపెట్టి ఎందుకన్నాడో అడగండి.