కప్పల తక్కెడ

పొత్తు కుదరని నలుగురిని ఒకచోట చేర్చబోయి విసిగిపోయిన మనిషిని చూసి మన పెద్దలు "కప్పల తక్కెడ" అన్నారు. ఒకదాన్ని పట్టి తక్కెడలో వేసేలోగా మరొకటి గెంతి పోతుంది. ఆ మాట పుట్టించినవారెవరో గాని, జీవుల వర్గీకరణ శాస్త్రం గోడునంతటినీ రెండు మాటల్లో చెప్పేశారు. ఆ శాస్త్రజ్ఞుల తక్కెడలోంచి కూడా, అక్షరాలా, కప్పలు గెంతిపోతూనే ఉన్నాయి. వాటిలో ఒకటి మన విశాఖ కప్ప.

అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద సుంకరిమెట్ట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాఫీ తోటలు చూపిస్తామని కార్లు ఆపే చోటు. ఆ అడవిలో దొరికిన ఒక చిన్న కప్పను ఇంద్రనీల్ దాస్, ఎస్.కె. చందా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1998లో కొత్త జాతిగా వర్ణించి, ఫిలౌటస్ టెరెబ్రాన్స్ అని పేరు పెట్టారు. టెరెబ్రాన్స్ అంటే లాటిన్‌లో తొలిచేది అని అర్థం. అంతకు ముందటి ఏడే వారిద్దరూ మధ్యప్రదేశ్‌లోని అమర్‌కంటక్ నుంచి ఇలాంటిదే మరొకటి వర్ణించారు. దాని పేరులో "పవిత్రవనం" అన్న అర్థం ఉంది. 2003లో ఒడిశాలోని సిమిలిపాల్ నుంచి సుశీల్ కుమార్ దత్తా ఇంకొకటి చేర్చారు. తూర్పు కనుమలూ వాటి ఆవలి కొండలూ కప్పల లెక్కలో పడమటి కనుమలకు ఎప్పుడూ సవతి బిడ్డలే. అందువల్ల ఈ మూడు పేర్లంటే నాకు ప్రత్యేకమైన మమకారం.

లిన్నేయస్ పెట్టిన రెండు మాటల పేరును తెలుగువాడు అర్థం చేసుకున్నంత సులువుగా ఆంగ్లేయుడు కూడా చేసుకోలేడని నా నమ్మకం. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. ఇదీ అంతే. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. కొత్త ఆధారాలు దొరికితే ఇంటిపేరు మారవచ్చు, సొంతపేరు మాత్రం వెంట వస్తుంది. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో మేము రానా టైగ్రినా అని రాసుకున్న పెద్ద కప్ప ఇప్పుడు హోప్లోబట్రాకస్ వారింటికి వెళ్ళిపోయింది.

మన పొదకప్పలకూ ఆ గతే పట్టింది. ఫిలౌటస్ అన్న ఇంటిపేరు అసలు జావా కప్పలది. చేతికి దొరికిన చిన్న చెట్టుకప్పనల్లా ఆ బుట్టలోనే వేస్తూ వచ్చారు. డీఎన్ఏ పరిశీలనలు వచ్చాక, భారతదేశంలోని ఈ గుంపు వేరే వంశమని తేలింది. 2010లో ఎస్.డి. బిజు, ఆయన సహచరులు దీనికి రావోర్కెస్టిస్ అనే కొత్త ప్రజాతి పేరు ఇచ్చారు. అందులోని "రావు" మన సి.ఆర్. నారాయణరావుగారు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో పనిచేస్తూ 1937లో దక్షిణాది కప్పలెన్నిటినో తొలిసారి వర్ణించిన పండితుడు. ఆయన భద్రపరచిన మూల నమూనాలు తరవాత కనబడకుండా పోయాయి. ఆయన రాసిన వర్ణనలే మిగిలాయి. 1932లో కరెంట్ సైన్స్ పత్రిక పుట్టినప్పుడు తొలి సంపాదకుడు ఆయనే. డెబ్బై ఎనిమిదేళ్ళ తరవాత ఆయన పేరిటి ప్రజాతి వెలువడింది కూడా ఆ పత్రికలోనే. ఇంత చక్కటి శ్రాద్ధం ఏ పండితుడికి జరిగి ఉంటుంది?

ఈ కప్పలకు చెరువుతో పనిలేదు. కప్ప అనగానే మనకు నుయ్యి, బెకబెకలు, వానకోసం రోకలికి కట్టి ఊరేగించే కప్పతల్లి గుర్తొస్తాయి. వీటి కథ వేరు. తడి ఆకుల్లోనో మట్టిలోనో గుడ్లు పెడతాయి. తోకకప్ప దశంతా గుడ్డులోపలే గడిచిపోతుంది. బయటికి వచ్చేది బియ్యపుగింజంత పూర్తి కప్ప. పడమటి కనుమల్లోని రావోర్కెస్టిస్ చలజోడిస్ అయితే వెదురు బొంగుకు పడిన చిల్లులోంచి లోపలికి దూరి గుడ్లు పెడుతుంది, మగకప్ప కాపలా కాస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో వర్ణించిన ఆ జాతి, శతాబ్దం దాటినా మళ్ళీ ఎవరికీ కనబడక, 2011లో దొరికిందని ప్రకటించారు.

చెరువు అక్కర్లేదంటే హాయిగా బతుకుతాయనుకోవద్దు. వీటికి చెరువు గాలిలోనే ఉంది. నీడనిచ్చే చెట్టు పోతే ఆకుల కింది తేమ ఆరిపోతుంది. తేమ ఆరితే గుడ్డు ఎండుతుంది. కొండ దిగి మరో కొండకు పోలేని జీవి, ఎండిన చోటనే ముగిసిపోతుంది. ఆనముడి శిఖరం మీద దొరికిన రావోర్కెస్టిస్ రెస్ప్లెండెన్స్ అటువంటిదే. ప్రపంచంలోని ఉభయచరాల్లో సుమారు 41 శాతం ముప్పులో ఉన్నాయని 2023లో వచ్చిన అంచనా.

శ్రావణంలో ఒక సాయంత్రం సుంకరిమెట్ట తోటలో మిరియాల తీగల మధ్యనుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే, పని ముగించుకు వెళుతున్న పెద్దాయనను అడిగాను. "కప్పే బాబూ. గోరంత ఉంటాది గానీ కొండంతా ఇనిపిస్తాది" అన్నాడు. ఏ కప్ప అంటే నవ్వాడు. "కప్పకి పేరేటి?"

ఆయనకు అక్కర్లేదు, నిజమే. కాని కింద, నగరంలో కూర్చున్న మనకు కావాలి. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో బైలదిల్లా ఇనుపరాయి ఈ కొండల గుండానే మన ఓడరేవుకూ ఉక్కు కర్మాగారానికీ దిగుతుంది. గాలికొండలో బాక్సైటు ఉంది. అనంతగిరి మండలంలోని బొర్రా గ్రామాల గనుల కౌలు మీద నడిచిన సమతా కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనులకు ఇవ్వకూడదంది. అది గిరిజనుల హక్కుల విజయం. ఆ మరుసటి ఏడే ఈ కప్పకు పేరు వచ్చింది. ఆ తీర్పులో కప్ప ప్రసక్తి లేదు, ఆ శాస్త్ర వ్యాసానికి తీర్పుతో పనీ లేదు. అయినా ఒక అడవిని తవ్వాలని దస్త్రం కదిలినప్పుడు, అందులో ఏమేమి బతుకుతున్నాయో జాబితా అడుగుతారు. ఆ జాబితాలోకి "కప్పకి పేరేటి" అన్న మాట ఎక్కదు. రెండు లాటిన్ మాటలు ఎక్కుతాయి. నాకు అదంత న్యాయంగా తోచదు, కాని ఉన్న పద్ధతి అది.

అన్నట్టు, వర్గీకరణలో మరో నియమం ఉంది. ఇంటిపేరు ఎన్ని మారినా, రెండు జాతులు ఒకటేనని రేపు ఎవరైనా కలిపేసినా, మొదటి నమూనా ఎక్కడ దొరికిందో ఆ చోటు మాత్రం ఆ పేరుకు ముడిపడి ఉండిపోతుంది. 2022లో అరకు, అనంతగిరి మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. మన దస్త్రాల్లో చిరునామాలన్నీ మారాయి. 1998 నాటి ఆ వ్యాసంలో మాత్రం ఇప్పటికీ సుంకరిమెట్ట రిజర్వు ఫారెస్టు, విశాఖపట్నం జిల్లా అనే ఉంది.