మొదటి లైను

మా మామూది తాడేపల్లిగూడెం. కొల్లేటి చేపల చెరువుల మీద డీజిల్ ఇంజన్లు బాగుచెయ్యడం ఆయన పేషా. శౌఖ్ మాత్రం గాలం. ఏలూరులో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను తాటిదోనె ఎక్కించి కొర్రమేను షికారుకి తీసుకెళ్ళేవారు. "ఈ నీళ్ళు ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికే పోతాయి బేటా. ఒకరోజు మనమూ పోదాం" అని వాదా చేసేవారు.

ఆ వాదా తీరే రోజు వచ్చేసరికి నాకు ముప్పై దాటాయి. అంతర్వేదిలో మామూకి పాత దోస్తు ఒకాయన ఉన్నాడు, సొంత మోటారు బోటు. బోటు మెల్లగా పోతూ ఉంటే వెనకాల గాలాలు ఈడ్చుకుంటూ వంజరం పట్టే వేట. ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటారు. నవంబరు మొదటి వారం అని ఖరారు చేసుకున్నాం.

పదిహేను రోజులు తయ్యారీ నడిచింది. మామూ ఉర్దూలో ఒక ఫెహ్‌రిస్త్ రాసుకున్నారు. నాకు ఉర్దూ మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. ఆయన చదివి చెప్తుంటే నేను తెలుగులో రాసుకున్నాను.

గాలాలు: ప్రతి మొన బొటనవేలి గోరు మీద ఆనించి చూడాలి. జారితే మొద్దు, ఆకురాయి పట్టాలి. వంజరం పళ్ళు కత్తెరలాంటివి, నైలాను తాడుని కోసేస్తాయి. అందుకని గాలం దగ్గర జానెడు ఉక్కు తీగ కట్టాలి. ముడి బిగించే ముందు తడి చెయ్యాలి, లేకపోతే రాపిడికి నైలాను కాలి బలం పోతుంది. చేతులకి గ్లవ్స్ ఉండాలి. తాడు మణికట్టుకి చుట్టుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ హరామ్ అన్నట్టే అన్నారు మామూ నవ్వుతూ.

ఐసు లెక్క ఆయన ఆకివీడులో చేపలు ప్యాక్ చేసేవాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. కిలో చేపకి కిలో ఐసు, మెత్తగా కొట్టి, చేపకీ చేపకీ మధ్య ఖాళీ లేకుండా. డీజిల్ మూడు వంతులు: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది అల్లాహ్ తప్ప ఎవరూ ముట్టకూడనిది. తాగే నీళ్ళు, ఓఆర్ఎస్, లైఫ్ జాకెట్లు. జాకెట్లు ఇంట్లోనే తొడిగి బకిల్స్ పెట్టి చూశాం. అమ్మీ నవ్వి నవ్వి పడిపోయింది.

హైదరాబాదులో ఇన్కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఉపగ్రహాలతో సముద్రం వేడి, నీటి రంగు చూసి చేపలు ఎటు దొరకొచ్చో, అలలు ఎలా ఉంటాయో చెప్తుంది. మామూ రోజూ అదీ చూసేవారు. "ఒంటెను కట్టాకే తవక్కుల్ అన్నారు కదా హుజూర్" అనేవారు.

ముందురోజు సాయంత్రం నరసాపురంలో పంటు ఎక్కి గోదావరి దాటాం. బోటాయన అరుగు మీద ఫజర్ చదివాం. గోదావరి మొగలో ఇసుక మేటలుంటాయి, పోటు మీదే దాటాలి. పోటు మొదలైంది. గాలి లేదు. అప్పుడు మామూ ఫోన్ చూశారు. అల్పపీడనం, ఈదురుగాలులు, వేటకి వెళ్ళొద్దని వాతావరణ శాఖ హెచ్చరిక.

"మొగ దాకా వెళ్ళి చూద్దామా సాయిబు గారూ?" అన్నాడు బోటాయన.

"వద్దు తమ్ముడూ."

నాకు ఖూన్ మరిగింది. రెండు వారాల మెహనత్, పెట్టిన సెలవు, కొన్న ఐసు. "మామూ, మీకు వయసైపోయింది. భయపడుతున్నారు, అంతే" అనేశాను, బయటివాళ్ళ ముందు.

మామూ ఏమీ అనలేదు. బోటాయన మాత్రం గోడ మీద దండ వేసిన ఫోటో వైపు చూశాడు. వాళ్ళన్నయ్య. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుఫాను వందలమంది వేటగాళ్ళని సముద్రంలోనే ఉంచేసింది. ఆయన వాళ్ళలో ఒకడు. మామూకి గాలం కట్టడం నేర్పింది ఆయనేనట. ఆ ఇంట్లో నేను ఆ మాట అన్నాను.

ఆ రోజు తుఫానేమీ రాలేదు. భీమవరం చేరేసరికి ఎండ కాసింది. కారు డిక్కీలోంచి ఐసు నీళ్ళు దారంతా కారుతూనే ఉన్నాయి. నేను గెలిచినట్టు కూర్చున్నాను. మామూ ఎండనీ చూశారు, నన్నూ చూశారు, ఒక్క సఫాయీ చెప్పుకోలేదు.

నెల తర్వాత సామాన్లు సర్దుతుంటే ఆ ఉర్దూ కాగితం దొరికింది. అమ్మీ చేత చదివించుకున్నాను. నేను రాసుకున్నది రెండో లైను నుంచి. మొదటి లైను మామూ నాకు చదివి వినిపించనే లేదు: "వాపసీ. ఎన్నింటికి, ఎవరికి చెప్పాలి, ఏం చూస్తే వెనక్కి తిరగాలి."

నాకెందుకు చెప్పలేదు? బహుశా అది తన జిమ్మేదారీ అనుకున్నారేమో. అక్క కొడుకుని తీసుకెళ్తున్నది ఆయన.

ఆ రాత్రి ఫోన్ చేశాను. మాఫీ అడగడానికి నోరు రాలేదు. "మామూ, మొదటి లైను నేనూ రాసుకున్నాను" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. "అయితే జనవరిలో చలో" అన్నారు.

వెళ్ళాం. అల్‌హందులిల్లాహ్, రెండు వంజరాలు పడ్డాయి. ఒకటి బోటాయనకి, ఒకటి మాకు. వాపసీ మూడింటికి అని అమ్మీకి చెప్పి వెళ్ళాం. రెండు నలభైకి మొగ దాటి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.