పద్దెనిమిదో నాటి పాయసం

కొడగు కొండల్లో కక్కడ మాసం వానల మాసం. జూలై మధ్యలో మొదలై ఆగస్టు మధ్య వరకు సాగే ఆ నెలలో కొడవలు శుభకార్యాలు తలపెట్టరు. బురదలో నిలిచి వరినాట్లు వేయడమే వారికి పని. మన ఆషాఢానికి అది దగ్గరి చుట్టమే. ఆషాఢంలో మన ఇళ్ళలో మునగాకు వండినట్లే అక్కడ మద్దుతొప్పు అనే అడవిమొక్క వంటింటికి చేరుతుంది. మద్దు అంటే మందే. కక్కడలో రోజుకొక ఔషధగుణం ఆ ఆకులో చేరుతుందనీ, పద్దెనిమిదవ రోజుకు, అంటే ఆగస్టు 3 నాటికి, పద్దెనిమిదీ నిండుతాయనీ వారి నమ్మకం. ఆకులూ కాడలూ మరిగిస్తే నీటికి చిక్కని ఊదారంగు దిగుతుంది. ఆ నీటిలో బియ్యం ఉడికించి, బెల్లం, కొబ్బరిపాలు చేర్చి పాయసం వండుతారు. మరునాడు మూత్రం ఎర్రబడుతుంది గనుక, సంగతి తెలియని అతిథులు హడలిపోవడమూ కద్దు.

హైదరాబాదుకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఈ పాయసం మాట ముప్పయి ఏళ్ళ క్రితం విన్నారు. సికింద్రాబాదు పాఠశాలలో ఆమెతో పనిచేసిన కొడవ స్త్రీ ఒక సైనికాధికారి భార్య. "ఒకసారి కక్కడలో మా ఊరు రండి, మీ నాలుక ఊదారంగు చేసి పంపిస్తాను" అనేవారట. భర్తకు బదిలీ అయింది. కొంతకాలం ఉత్తరాలు నడిచాయి. చివరికి ఆమె మరణవార్త వచ్చింది.

ఆ పిలుపు ఇక రాదని ఎరిగిన భర్త, తమ పెళ్ళి జరిగి నలభై ఏళ్ళు నిండిన ఏడు, కాఫీతోటల నడుమనున్న ఒక ఖరీదైన హోటలులో ఆగస్టు 2, 3 తేదీలకు గది తీసుకున్నారు. రెండు రాత్రుల అద్దె ఆయన నెల పింఛనును మించింది. ఆ సంగతి భార్యకు చెప్పలేదు. ప్రకటనలో "స్థానిక రుచుల విందు" అన్న మాట ఉండడమే ఆయన ధైర్యం.

మైసూరు నుంచి మడికేరికి సుమారు 120 కిలోమీటర్లు. కుశాలనగరం వద్ద కావేరి దాటాక దారి కొండల్లోకి ఎక్కుతుంది. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పెనవేసుకున్న మిరియపు తీగలు, నీడన కాఫీ పొదలు. దేశంలో పండే కాఫీలో దాదాపు మూడోవంతు ఈ ఒక్క జిల్లాదే. అయితే హోటలు గదిలో వారికి దొరికింది విదేశీ గుళికలతో కాఫీ చేసే యంత్రం. గది వెలుపల వారికే ప్రత్యేకమైన ఈతకొలను ఉంది; వాన దానిని నింపి పొర్లిస్తుంటే దుప్పటి కప్పుకొని అద్దంలోంచి చూడడమే మిగిలింది. ఆ దుప్పటి కూడా చెమ్మగిల్లి బూజువాసన వేసింది. మూడుసార్లు ఫోను చేశాక, రాత్రి పదింటికి, గది వెచ్చబరిచే హీటరు వచ్చింది.

మూడో తేదీ రాత్రి ఏడు వరుసల విందు. నల్లరాతి పలక మీద చెంచాడు బీట్‌రూట్ నురుగు. చాట వంటి పళ్ళెంలో రెండు పుట్టగొడుగు ముక్కలు. ప్రతిదానికీ వడ్డించే కుర్రవాడి ఇంగ్లీషు వ్యాఖ్యానం. స్థానిక రుచి నాలుగో వరుసలో ప్రత్యక్షమైంది. కొడవల బియ్యపు ఉండ కడంబుట్టును గోలీ అంత చేసి, లోపల చీజ్ కూరి పెట్టారు. రెండు గంటలు గడిచినా ఆకలి తీరలేదు.

ఉపాధ్యాయిని మద్దుపాయసం గురించి అడిగారు. అస్సాం నుంచి నెల క్రితమే వచ్చి చేరిన కుర్రవాడు ఆ పేరు వినలేదు. మేనేజరు వచ్చి, "ముందుగా చెప్పవలసింది మేడమ్. వంటల జాబితా ముంబయి నుంచి వస్తుంది" అని ఎంతో మర్యాదగా నొచ్చుకున్నాడు. హోటలువారు దుర్మార్గులు కారు. పెళ్ళిరోజు కానుకగా కొవ్వొత్తి వెలిగించిన చాక్లెట్ కేకు ఉచితంగానే పంపారు. భర్త లేవబోతే ఆమె చేయి పట్టుకొని కూర్చోబెట్టారు. కొవ్వొత్తి ఆర్పి, ఒక ముక్క తిన్నారు.

మరునాడు కారు నడిపినతను హోటలుకు అర కిలోమీటరు దూరంలోని పల్లెవాడు. విషయం విని బండి నెమ్మది చేశాడు. "నిన్న మా అమ్మ పెద్ద గిన్నెడు వండింది. ఒక్క మాట చెప్పకపోయారా అమ్మా! రాత్రికే గిన్నె ఖాళీ."

మడికేరి అంగడిలో ఒక ముసలమ్మ దగ్గర ఒక్క కట్ట మిగిలి ఉంది, వాడిపోయి. నిన్న కొనవలసిందని ఆమె తల తిప్పి, డబ్బు వద్దన్నది. ఉపాధ్యాయిని బలవంతాన చేతిలో పెట్టి, ఆకును తడిగుడ్డలో చుట్టుకున్నారు.

హైదరాబాదు చేరగానే పొయ్యి మీద నీళ్ళు పెట్టారు. వాసన అంతంతమాత్రమే అయినా, రంగు దిగింది. భర్త ఆ గిన్నెలోకి తొంగిచూసి, హోటలు అద్దె ఎంతో అప్పుడు చెప్పారు. ఆమె గరిటె కింద పెట్టి, మళ్ళీ చెప్పమన్నారు.