మూడు వంతెనల ఊరు

సెర్బియాలోని నోవీసాద్ వెళ్లినవాళ్లు ముందుగా పెట్రోవరదిన్ కోట ఎక్కుతారు. అక్కడి గడియారంలో పెద్దముల్లు గంటలు చూపిస్తుంది... డాన్యూబ్ నదిలోని పడవవాళ్లకు దూరం నుంచే కనిపించాలని!

1999 ఏప్రిల్‌లో నాటో బాంబులకు నగరంలోని మూడు వంతెనలూ నదిలో కూలాయి. అవతలి ఒడ్డుకు పడవలే దిక్కయ్యాయి. స్థానిక ఎన్నికల్లో అధ్యక్షుడు మిలోసెవిచ్ ప్రత్యర్థులను గెలిపించిన ఊరది. అలాంటి తమమీదే దాడులేమిటన్నది జనం ఆవేదన.

ఆ వార్త రాజధాని బెల్‌గ్రేడ్‌నూ కదిలించింది. అక్కడివాళ్లు గుండెలమీద గురి గుర్తులు తగిలించుకుని, రాత్రిళ్లు బ్రాంకో వంతెనమీద పాటలు పాడుతూ కాపలా కాశారు. ఆ వంతెన నిలిచింది.

నోవీసాద్‌లో స్వేచ్ఛా వంతెనను 2005లో తిరిగి తెరిచారు. దాని పక్కనే ఉన్న స్ట్రాండ్ బీచ్‌లో వేసవి వస్తే చాలు, పిల్లాపాపలతో ఊరంతా ఈతకు దిగుతుంది.