తుప్పు వదిలించే భట్టీ

ఊరెళ్లేముందు కేకు టిన్ను కడిగి బోర్లించాం. వారం తర్వాత వచ్చి చూస్తే అడుగంతా ఎర్రగా తుప్పు. దాన్ని సంచిలో వేసుకుని హైదరాబాద్ పాతబస్తీలో కట్టెల భట్టీ ఉన్న ఒక బేకరీకి వెళ్లాను.

ముసురు రోజులు. బేకరీ మూడు రోజులు మూసి ఉందట. బన్నుల రేకు ట్రేలు పాతిక దాకా గోడకు ఆనించి ఉన్నాయి, అంచులన్నీ తుప్పే. బేకరీ ఉస్తాద్ ఎండు కొబ్బరి పీచుతో రాలే తుప్పంతా రాల్చి, వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపిన తొట్టిలో ట్రేను ముంచాడు.

"రాత్రంతా నానబెడితే సుళువు కదా?" అన్నాను.

"అరగంట చాలు సార్. ఎక్కువైతే తుప్పు అయిపోయాక ఇనుమును తింటది."

ఊళ్లలో చింతపండు, ఉప్పు కలిపి పెనం తోమేదీ తుప్పు వదలడానికే. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం; రెండూ తుప్పును కరిగిస్తాయి.

అరగంటయ్యాక తీసి తోమిన ట్రేను వంటసోడా నీళ్లతో కడిగి నా చేతికిచ్చాడు. ఇదంతా పుస్తకంలో రాసుకోవడానికని తడి ట్రేను పక్కన పెట్టాను. కాసేపటికి చూస్తే దానిమీద మళ్లీ సన్నటి నారింజ రంగు! ఉస్తాద్ నవ్వి మళ్లీ తోమి, వెంటనే గుడ్డతో తుడిచి భట్టీ నోటి దగ్గర ఆరబెట్టాడు. తర్వాత నాలుగు చుక్కల నూనె రాసి, అసలు రాయలేదేమో అనిపించేంత వరకు తుడిచి, బోర్లించి గంటసేపు లోపల కాల్చాడు. వేడికి నూనె గట్టి పొరగా మారి ఇనుముకు తడి తగలనివ్వదు. నూనె ఎక్కువైతే జిగట మిగులుతుంది.

అల్యూమినియం ట్రేలను మాత్రం తొట్టి దగ్గరికే రానివ్వలేదు. వాటికి ఈ ఎర్ర తుప్పు రాదు, ఆమ్లంలో నానితే పాడవుతాయి. తుప్పు తిని చిల్లులు పడిన రెండు ట్రేలు తూకానికి పోయాయి.

చివరికి నా టిన్ను తిప్పి చూశాడు. "దీనికి తగరం పూత ఉండె సార్. మీరే ఇనుప పీచుతో గీకి తీసేసిన్రు."

టిన్ను బాగుపడింది. ఇప్పుడు మా ఇంట్లో దాన్ని మెత్తటి గుడ్డతోనే కడుగుతున్నాం. బోర్లించడం మానేశాం, తుడిచి, చల్లారుతున్న ఓవెన్‌లో పది నిమిషాలు పెడుతున్నాం. మీ టిన్నుకూ అంతే చాలు.